ఎనిమిది గంటల లగ్నము

ఎన్నికలు వచ్చినవన్న వార్త ఊరందరికంటె ముందు చేరునది బడిపంతులుకే. ఉత్తరువు చేతికి వచ్చును, శిక్షణకు రమ్మందురు. పోలింగు ముందునాడు యంత్రములు, సంచులు మోసికొని ములుగు అడవులలోనో, పరకాల పల్లెలలోనో ఒక పాఠశాల వసారాలో రాత్రి గడుపవలెను. మరునాడు వందలమంది వ్రేళ్లకు సిరా పూయించిన ఆ పంతులు తన ఓటు మాట మరచిపోవుట కద్దు. ఆ లోటు తీర్చుటకే తపాలా ఓటు ఏర్పడినది.

దీనికి ఆధారము 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమములు. తన లోక్‌సభ నియోజకవర్గములోనే పని పడినవాడు ధ్రువపత్రము పొంది, పనిచేయు కేంద్రమునందే ఓటు వేయవచ్చును. అన్యత్ర పడినవాడు 12వ నమూనాలో దరఖాస్తు పెట్టి తపాలా పత్రము కోరవలెను. ఆ పత్రము చిన్న కవరులోనికి పోవును. సంతకము, ధ్రువీకరణ గల ప్రకటనపత్రము ఆ చిన్న కవరుతోపాటు పెద్ద కవరులోనికి పోవును. ప్రకటనపత్రము లేనిచో చిన్న కవరును విప్పనే విప్పరు. తపాలా బిళ్ల అంటింప నక్కరలేదు గాని, ఇంతటి కర్మకాండలో ఒక్క మంత్రము తప్పినను ఫలము లేదు.

ఇక గడువు. లెక్కింపునకు నిర్ణయించిన గడియ, అనగా సాధారణముగా ఉదయము ఎనిమిది గంటలు, కాకమునుపే కవరు రిటర్నింగు అధికారికి చేరవలెను. ఎప్పుడు తపాలాలో వేసితివన్నది ప్రశ్న కాదు, ఎప్పుడు చేరినదన్నదే ప్రశ్న. బ్రిటనులో పోలింగు రాత్రి పది గంటలకే తలుపు మూసికొనును. అమెరికాలో రాష్ట్రమున కొక పద్ధతి. కాలిఫోర్నియాలో పోలింగు నాటి తపాలా ముద్ర ఉన్నచో తరువాత ఏడు దినములలో చేరినను చెల్లును. మనకు ముద్రతో పని లేదు. లగ్నము దాటిన పిమ్మట మంగళసూత్రము తెచ్చినవానికి ఏమి మర్యాద జరుగునో, ఎనిమిది దాటి వచ్చిన కవరుకు అదియే జరుగును.

ఇది శాస్త్రముగా తెలిసిన సంగతి కాదు, నాకు అనుభవము. 2009లో ఈ ప్రాంతమున ఏప్రిల్ 16న పోలింగు, మే 16న లెక్కింపు. నడుమ సరిగా ఒక నెల! అప్పుడు నా ఓటు స్వగ్రామమున, వేరొక జిల్లాలో ఉండెను. పత్రము చేతికి వచ్చినది. నెల దినములున్నవి గదా, వేసవి సెలవులు, ధ్రువీకరించు అధికారి ఊరినుండి రానిమ్మని దానిని వసుచరిత్ర ప్రతిలో భద్రముగా ఉంచితిని. భద్రత ఎక్కువైనది. మే 15 సాయంకాలము ఏదో పద్యము వెదకబోగా కవరు జారి క్రింద పడినది. పరుగెత్తి సంతకము చేయించి హనుమకొండలో తపాలాపెట్టెలో వేసితిని. అప్పటికి ఆ దినపు చివరి సంచి వెడలిపోయినది. పెట్టె మూతి కడ నిలుచుండి, ఇది చేరదని తెలిసియే వేసితిని. ఈ విషయమున ఒక్కరిని తప్పు పట్టుటకు వీలు లేదు, నన్ను తప్ప.

ఒక్క ఓటేమిటని విద్యార్థులు నవ్వుదురు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానమున కొణతాల రామకృష్ణ గెలిచినది తొమ్మిది ఓట్ల తేడాతో. 2020లో బీహారునందలి హిల్సాలో ఆధిక్యము పండ్రెండు ఓట్లు. అచట త్రోసివేయబడిన తపాలా ఓట్లు 182. గెలుపు తేడా ఇట్లు త్రోసివేసిన ఓట్లకంటె తక్కువైనచో వాని నన్నింటిని మరల పరిశీలింపవలెనని ఎన్నికల సంఘము నియమము. అయినను ఆలస్యముగా వచ్చినవానికి ఆ భాగ్యము గూడ లేదు.

2023లో నియమము మారినది. ఎన్నికల విధులలో నున్నవారు పత్రమును ఇంటికి గొనిపోరాదు. సౌకర్య కేంద్రమునందే ఓటు వేసి అచటనే పెట్టెలో వేయవలెను. పత్రము దినములకొలది ఇండ్లలో నుండుటచే ప్రలోభములకు, ఒత్తిడికి తావు కలుగుచున్నదని సంఘము వాదము. వాదము న్యాయమే. మా వంటివారి పుస్తకములలో నిద్రించు కవరులకు గూడ విముక్తి కలిగినది. కాని గడువు పోలింగునకు వెనుకనుండి ముందునకు జరిగినదని చాలమంది ఉపాధ్యాయులు ఇప్పటికిని గ్రహింపలేదు. లెక్కింపు వరకు తీరిక యున్నదను పాత భ్రమతో ఉన్నవాడు సౌకర్య కేంద్రము మూసిన మరునాడు కలముతో సిద్ధమగును.

పాత గడియ సైనికులకు మాత్రము నిలిచియున్నది. 2016 నుండి వారికి పత్రము విద్యుత్తరంగముల మీద క్షణములో పోవుచున్నది. తిరిగి వచ్చునది మాత్రము తపాలా సంచిలోనే. మా తరగతిలో ఒక పిల్లవాని అన్న సరిహద్దున జవాను. 2024లో తెలంగాణమున మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆ కొండలనుండి కవరు సమయమునకు వచ్చునా అని అతడడిగెను. వచ్చినచో సరే, రానిచో ఏమి చేయుదురని మరల అడిగెను. చేరిన తేదీ, వేళ కవరుపై వ్రాసి, అటువంటివాని నన్నింటిని ఒక కట్టగా కట్టి, విప్పకయే భద్రపరతురని చెప్పితిని.