కొత్త లాప్‌టాపుకు లైన్ క్లియర్

గత నవంబరులో ఒక ఉదయం ఖరగ్‌పూర్‌లోని మా ఇంట్లో కొత్త లాప్‌టాపు పెట్టె విప్పాను. మా నాన్నగారు పడక కుర్చీలోంచి లేచి వచ్చి, కళ్ళజోడు సవరించుకొని, దానిని కాసేపు పరీక్షగా చూశారు. రైల్వేలో స్టేషను మాస్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి ఆయన. వెల ఎంత అని అడగలేదు. "అమ్మాయీ, దీనికి లైన్ క్లియర్ ఎవరిస్తారు?" అని అడిగారు.

నేను నవ్వి ఊరుకున్నాను. పది రోజులు తిరగకముందే ఆ ప్రశ్నలోని వివేకం నాకు బోధపడింది.

ఖరగ్‌పూర్ రైళ్ళ వల్ల పుట్టి పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనును, వర్కుషాపును నెలకొల్పిన తరువాత ఉత్తరాంధ్రనుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పనులకోసం వచ్చి స్థిరపడ్డాయి. గోల్‌బజారులో, మథురాకాటీలో, నీంపురాలో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. ఇటువంటి ఊరిలో పెరిగినవారికి భద్రత అనేది ఉపన్యాసాలలో వినే మాట కాదు, దినచర్య.

నాన్నగారు ఉద్యోగంలో చేరినది ఒంటి లైను మీది ఒక చిన్న స్టేషనులో. ఆ రోజుల్లో డ్రైవరు చేతికి ఉక్కు బంతి రూపంలో ఉండే టోకెను అందనిదే బండి కదలడానికి వీలులేదు. ఆ బంతి యంత్రంలోంచి బయటికి రావాలంటే అవతలి స్టేషను మాస్టరు కూడా తన యంత్రం ద్వారా సమ్మతి తెలపాలి. ఒక బంతి బయట ఉన్నంతసేపు రెండవది రాదు. ఒక్క మనిషి తొందరపాటు వల్లనో, నిద్రమత్తు వల్లనో రెండు బండ్లు ఒకే దారిలో ఎదురుపడకూడదన్నదే ఆ ఏర్పాటులోని ఆంతర్యం.

మరి, నా లాప్‌టాపులో ఏముంటుంది? నేను అనువాదకురాలిని. ఇంకా అచ్చుకాని తమ రచనలను రచయితలు నన్ను నమ్మి పంపుతారు. వాటితోపాటు నాన్నగారి పింఛను కాగితాలు, బ్యాంకు లెక్కలు, అమ్మ చివరి ఫోటోలు. "పరుల సరుకు మన గోదాములో ఉన్నప్పుడు మన సరుకుకన్నా పదిలంగా చూడాలి" అన్నారు నాన్నగారు. ఆ మాట పట్టుకొని పనికి పూనుకున్నాను.

ఆలస్యానికి మూల్యం

మొట్టమొదట చేసినది యంత్రంలోని ప్రోగ్రాములకు తాజా సవరణలు, అంటే అప్‌డేట్లు, ఎక్కించడం. ఇది విసుగు పుట్టించే పని. రేపు చూద్దామనిపిస్తుంది. ఆ 'రేపు' ఎంత ప్రమాదకరమో మా జిల్లా ఒకసారి చవి చూసింది.

2017 మే 12న 'వన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచాన్ని చుట్టుముట్టింది. కంప్యూటరులోని పత్రాలకు తాళం వేసి, వాటి విడుదలకు 300 డాలర్లు కోరడం దాని పని. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. ఇంగ్లండులో కొన్ని ఆసుపత్రులు రోగులను తిప్పి పంపవలసి వచ్చింది. జర్మనీ స్టేషన్లలో బండ్ల రాకపోకలు చూపే పలకలమీదనే ఆ బెదిరింపు ప్రత్యక్షమయింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు స్తంభించాయి. ఖరగ్‌పూర్‌నుంచి ఒడిశా వైపు పోయే లైను మీది బెల్దాలోను, ఆ పరిసరాలలోను విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు కూడా దాని బారినపడ్డాయి.

ఇందులో విచారకరమైన విషయం ఒకటున్నది. ఆ దాడికి దారి ఇచ్చిన లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. సకాలంలో దానిని ఎక్కించుకున్న యంత్రాలకు ఆ దారి మూసుకుపోయింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. కొత్తది కొని పాతదానిని పిల్లలకు ఇచ్చేవారు ఈ సంగతి మరువరాదు.

ఒక్కొక్క తలుపుకు ఒక్కొక్క తాళం

పాస్‌వర్డుల దొంగతనం దాదాపు పాస్‌వర్డులంత పాతది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనేవారు. ఒక్కొక్కరికి ఇంత సమయమని కేటాయింపు. తన వంతు సమయం చాలక ఆలన్ షెర్ అనే పరిశోధకుడు పాస్‌వర్డుల పట్టికనంతా అచ్చువేయించుకొని, ఇతరుల పేరిట పని సాగించాడు. పాపం, ఆ ఇతరులు చేసిన తప్పేమీ లేదు! రహస్యం వారి దగ్గరనుంచి కాక, దానిని దాచిన చోటనుంచి బయటపడింది.

అందువల్లనే ఒకే పాస్‌వర్డును నాలుగుచోట్ల వాడరాదు. ఒకచోట పోయినది నాలుగుచోట్లా పోతుంది. మనవడి పేరు, పుట్టిన సంవత్సరం పనికిరావు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపిన పొడవైన పదబంధం మేలు. వాటిని భద్రపరచే ప్రోగ్రాములున్నాయి. అవి వద్దనుకొనేవారు ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో దాచుకున్నా తప్పులేదు. దూరదేశపు దొంగ చేయి మన బీరువాదాకా రాదు.

ఈమెయిలుకు, బ్యాంకు ఖాతాకు పాస్‌వర్డుతోపాటు ఫోనులో రెండవ అనుమతి కోరే ఏర్పాటు చేశాను. దీనిని రెండంచెల ధ్రువీకరణ అంటారు. నాన్నగారికి వివరించబోతే ఆయన మధ్యలోనే అందుకొని, "తెలిసింది, టోకెనే కదా!" అన్నారు.

గుట్టు దాచుకొనడం ఎలా?

లాప్‌టాపును రైలులో మరచిపోయామనుకోండి. డిస్కులోని సమాచారమంతా గుప్తలిపిలో ఉన్నట్లయితే దొరికినవాడికి దక్కేది యంత్రం మాత్రమే. విండోస్‌లోను, ఆపిల్ యంత్రాలలోను ఈ సదుపాయం ఉన్నది. అది అమలులో ఉన్నదో లేదో సెట్టింగులలో చూసుకొని, దాని రికవరీ సంకేతాన్ని వేరొకచోట దాచుకోవాలి. ముఖ్యమైన పత్రాలకు బయటి డిస్కులో మరొక ప్రతి తీసుకొని, పని కాగానే ఆ డిస్కును ఊడదీయాలి. తగిలించే ఉంచితే రెండు ప్రతులూ ఒకేసారి పోవచ్చు.

'ఇన్‌కాగ్నిటో' కిటికీని చూసి మోసపోయేవారు కొందరు. మా ఊరి ఐఐటీలో చదివి 1993లో పట్టా పుచ్చుకున్న సుందర్ పిచాయ్ నాయకత్వంలో రూపొందిన క్రోమ్ బ్రౌజరులో 2008నుంచి అది ఉన్నది. మనం చూసిన పుటల జాబితాను అది మన యంత్రంలో మిగల్చదు, అంతే. వెబ్‌సైట్లకు గాని, ఇంటర్నెట్ సరఫరా చేసేవారికి గాని మనలను కనిపించకుండా చేయదు. దీనిపై అమెరికాలో 2020లో దావా పడింది. 2024లో రాజీకి వచ్చిన గూగుల్ వందల కోట్ల రికార్డులను నాశనం చేయడానికి అంగీకరించింది.

అవతలి స్టేషను

పదవ రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అవతలి గొంతు హిందీలో ఎంతో మర్యాదగా మాట్లాడింది. నాన్నగారి జీవన ప్రమాణ పత్రం అందలేదట, సాయంత్రానికి పింఛను నిలిచిపోతుందట. ఇంట్లో కంప్యూటరు ఉంటే, తాము పంపే లింకు నొక్కితే చాలునట, మిగిలినది తామే చూసుకుంటారట.

పింఛనుదారులు ఏటా ఆ పత్రం సమర్పించే మాసం నవంబరే. అందుచేత మాట నమ్మదగినట్లే ఉన్నది. సిగ్గు విడిచి చెబుతున్నాను: తాళాలన్నీ బిగించిన నేనే కంగారుపడి లాప్‌టాపు మూత తెరిచాను. లింకు కళ్ళెదుట ఉన్నది. ఒక్క నొక్కు దూరంలో నాన్నగారి జీవితకాలపు పొదుపు ఉన్నది.

నాన్నగారు ఫోను నా చేతిలోంచి తీసుకున్నారు. "అవతలి స్టేషనును అడిగి చెబుతాను" అని, జవాబుకోసం ఆగకుండా పెట్టేశారు. తరువాత పాసుపుస్తకం తెచ్చి, దానిమీద అచ్చయి ఉన్న నంబరుకు తామే ఫోను చేశారు. ఆయన పత్రం అంది అప్పటికే రెండు వారాలయింది!

నా తాళాలన్నీ బయటి దొంగకోసం. లోపలినుంచి నేనే తలుపు తీస్తే అవి ఏంచేస్తాయి? మోసగాడికి కావలసినది మన యంత్రంలోని లోపం కాదు, మన తొందర. పిలిచినవాడు ఇచ్చిన దారిలో కాక, మనకు ముందే తెలిసిన దారిలో విచారించడమే దానికి విరుగుడు. అయినా మోసం జరిగితే క్షణం ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. హక్కును న్యాయస్థానం ఇవ్వగలదు. జాగరూకతను మాత్రం ఎవరికివారు అలవరచుకోవలసిందే.

ఆ సాయంత్రం నాన్నగారు ఒక చిన్న కాగితం మీద ఏదో రాసి లాప్‌టాపు మూతకు అంటించారు. అది ఈనాటికీ అక్కడే ఉన్నది. మూత తెరిచినప్పుడల్లా చదువుతాను: "అవతలి స్టేషనును అడిగావా?"