పెరటి టమాటాకు వడలు తెగులు

ఇటీవల మేము డుంబ్రిగూడ ప్రాంతమున ఒక గ్రామమునకు పోయినపుడు ఒక ఇంటి పెరటిలో పూతకు వచ్చిన పదునైదు టమాటా మొక్కలను చూచితిమి. వానిలో తొమ్మిది పచ్చగా ఉండియే తలలు వాల్చినవి. “నిన్నటివరకు బాగున్నాయి బాబూ, పూటపూటా నీళ్లు పోస్తూనే ఉన్నాను” అని ఆ ఇల్లాలు వాపోయినది. ఆమె శ్రద్ధయందు లోపము లేదు. కాని ఆ నీరే చేటు తెచ్చినది.

ఆకు పసుపెక్కకయే మొక్క హఠాత్తుగా వాడినచో అది దాహము కాదు, వడలు తెగులు కావచ్చును. దీనిని కలిగించు సూక్ష్మజీవిని 1896లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎర్విన్ స్మిత్ వర్ణించెను. అది నేలలో నివసించి, వేరు గాయములగుండా లోనికి పోయి, నీరెక్కు నాళములను పూడ్చివేయును. నేల తడిసి వెచ్చగా ఉన్న కాలమున విజృంభించును.

దీనిని గుర్తించుటకు గాజు గ్లాసు చాలును. వాడిన మొక్క కాడను నేలకు దగ్గరగా రెండంగుళముల ముక్క కోసి, ఒక కొన తేటనీటిలో మునుగునట్లు కదల్చక పట్టుకొనవలెను. కొద్ది నిమిషములలో పాలవంటి సన్నని ధార క్రిందికి దిగినచో అది ఈ తెగులే. అప్పుడు మందులకై సొమ్ము వ్యయపరచుట వృథా. పట్టిన మొక్క బ్రతుకదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. కొండ గ్రామములలో ఇండ్లు వాలుపై ఉండును. ఎగువ పెరటి నీరు దిగువ పెరటిలోనికి పారును. నీటితోపాటు తెగులును దిగును. పారకు, పాదములకు అంటిన మట్టితోను, బయటినుండి తెచ్చిన నారుతోను కూడ వచ్చును. కావున పంచాయతీ సభ్యులు కుళాయి చెంత నిలుచు నీటిని పెరళ్లలోనికి వదలక, ప్రక్క కాలువకు మళ్లింపవలెను. తెగులు లేని చోట నారుమడి ఒకటి వేయించి ఇంటింటికి పంచిన మరియు మేలు. ఇట్టి పనులను గ్రామసభలో చర్చించి నిర్ణయించుట ఉచితము.

తెగులు సోకిన చోట రెండు మూడేండ్లు టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప వేయరాదు. ఇవన్నియు ఒకే కుటుంబము. చోడి గాని మొక్కజొన్న గాని వేయవలెను. బూడిద, సున్నము పులుపు నేలకు మేలు చేయునే గాని వానితోనే తెగులు పోదు.

విత్తనము విషయమున బెంగుళూరు చెంతనున్న భారత ఉద్యాన పరిశోధనా సంస్థ మనకు తోడ్పడినది. అర్క ఆభ, అర్క ఆలోక్ రకములు ఈ తెగులును తట్టుకొనును; వాని విత్తనము దాచుకొనవచ్చును. అర్క రక్షక్ కూడ తట్టుకొనును గాని, అది సంకరజాతి యగుటచే ఏటేట కొనవలసినదే. తైవానులోని ప్రపంచ కూరగాయల కేంద్రము వంగ వేరుపై టమాటాను అంటు కట్టు పద్ధతిని ప్రచారము చేసినది. నేర్పు గల యువకులున్న గ్రామములు దీనిని ప్రయత్నింపదగును.

సుమారు 900 మీటర్ల ఎత్తునగల అరకులో పుష్య మాసపు చలికి పూత నిలువదు. ఆగస్టు నడుమ పైకప్పు క్రింద నారు పోసి నెలకు నాటినచో, వలిసె పూచు వేళకు కాయలు రాజొచ్చును. నీటి వసతి గలవారు ఫిబ్రవరిలోను నాటవచ్చును. అడుగెత్తు మడి, వెదురు ఊతకర్ర, మొదట ఎండుటాకుల కప్పు ఉండవలెను. ఆకుపై గాక మొదలునకే నీరు పోయవలెను. మడి చెంత త్రవ్వి వేళ్లను గాయపరుపరాదు.

వాడిన మొక్కను మట్టితో సహా పెకలించి, ఎండబెట్టి కాల్చవలెను. పలువురు దానిని గెడ్డలో పారవేయుట మేము చూచితిమి. దిగువ ఊరివారు ఆ గెడ్డ నీటినే తమ మడులకు మళ్లించుకొందురు.