ఉత్తర తెలంగాణమున రేలంగి, రమణారెడ్డి

స్థూలకాయుడొకడును కృశాంగుడొకడును జంటగా నడచిపోవుచుండ, కరీంనగరము అంగడిలోనైనను మంచిర్యాల రైలుస్టేషనులోనైనను వారిని చూచి, "అగో, రేలంగి, రమణారెడ్డి పోతున్నరు" అని చమత్కరించు పెద్దలు ఉత్తర తెలంగాణమున నేటికిని కలరు. ఆ మాటకు ఫక్కున నవ్వు పిల్లలలో పలువురు ఆ నటుల చిత్రమొక్కటియైనను థియేటరులో చూచియుండరు. 1974 నవంబరులో రమణారెడ్డియు, ఏడాది తిరిగి 1975 నవంబరులో రేలంగియు కన్నుమూసి అర్ధశతాబ్దము గడచిపోయినను, వారి పేర్లు వేరుపడక ఒక్క పలుకుబడిగా ఈ జిల్లాల నోట నిలిచియుండుట సామాన్యవిషయము కాదు.

రేలంగి వెంకట్రామయ్య 1910లో గోదావరి సీమలో పుట్టి, హరికథాగానమున శిక్షణ పొంది, 1935లో సి. పుల్లయ్యగారి 'శ్రీకృష్ణ తులాభారము'తో తెరకెక్కినను, 1949 నాటి 'గుణసుందరి కథ' వచ్చువరకు చిన్న వేషములతోను స్టూడియోలోని చిల్లర పనులతోను కాలము వెళ్ళబుచ్చినవాడు. 1970లో పద్మశ్రీ అందుకొని, తెలుగు హాస్యనటులలో ఆ గౌరవమునకు ప్రథముడైనాడు. తిక్కవరపు వెంకట రమణారెడ్డి 1921లో నెల్లూరు జిల్లా జగదేవిపేటలో జన్మించి, శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉద్యోగము చేసి, పిదప మద్రాసు చేరినవాడు. తెరమీదనే గాక వేదికమీదను ఇంద్రజాల ప్రదర్శనము లిచ్చిన నేర్పరి యగుటచేతనే కాబోలు, 'మాయాబజార్'లో ఘటోత్కచుని ఆశ్రమమందలి చిన్నమయ వేషము ఆతనికి ఒడలికి కుట్టిన చొక్కావలె అమరినది.

వీరి హాస్యమునకు మూలము దేహముల వైషమ్యమే యని తేల్చివేయుట సులభము. అది సగము సత్యము మాత్రమే. రేలంగి బలము ఆత్మతృప్తి: తాను మిక్కిలి చక్కనివాడననియు, లోకమెల్ల తన్ను మెచ్చుచున్నదనియు నమ్మిన అమాయకుడు ఆ నమ్మకము చెదరిన క్షణమున కన్నులు విప్పార్చి చూచు చూపులో ప్రేక్షకుడు తన డాంబికమునే చూచుకొనును. రమణారెడ్డి బలము ఎత్తుగడ: మెడ సాచి, మేను వంచి, కీచుగొంతుతో కుట్ర పన్ను ఆ బక్కవాడు తన పన్నాగములో తానే చిక్కుపడగా మనకు కోపము రాదు, జాలి వచ్చును. 'మాయాబజార్' పెండ్లిపీటలపై, మాయాశశిరేఖ కాలు తొక్కగా లక్ష్మణకుమారుడుగా రేలంగి పడు పాటును తలచుకొనుడు. చిన్నమయ ఒకప్రక్క మాయానగరమును నిర్మించుచుండ, లక్ష్మణకుమారుడు ఇంకొకప్రక్క ఆ మాయకు బలియగును; ఇరువురును ఒక్క చోట నిలువకయే ఒకరి హాస్యమునకు మరొకరు పూరకులైరి. 'మిస్సమ్మ'లో అప్పును అడ్డము పెట్టుకొని పెండ్లి కోరు డేవిడుగా రమణారెడ్డియు, ఇతరుల నీడను హాయిగా కాలక్షేపము చేయు దేవయ్యగా రేలంగియు కనబడుదురు. ఆ చిత్రమందలి హాస్యము నేటికిని వాడలేదనుట నా అభిప్రాయము.

1955 జనవరిలో 'మిస్సమ్మ' విడుదలయగునాటికి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు హైదరాబాదు రాష్ట్రమున నుండెను. ఉర్దూ మాధ్యమమున చదివినవారే అక్కడి విద్యావంతులలో అధికులు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించి ఐదు నెలలు నిండకమునుపే, 1957 మార్చి 27న 'మాయాబజార్' వచ్చినది. గోదావరి యాసయు నెల్లూరి యాసయు చెవికి క్రొత్తవైన ఈ ప్రాంతమున, బెల్లంపల్లి, గోదావరిఖని బొగ్గుగనుల కార్మికులకును, టూరింగు టాకీసు డేరాలలో నేలపై కూర్చున్న రైతుకూలీలకును, ఆదిలాబాదు సరిహద్దులలోని మరాఠీ, గోండీ భాషీయులకును, సంభాషణ సాంతము తెలియకున్నను ఆ ముఖములు తెలిసినవి. తరువాతి కాలమున తెలుగు సినిమా తెలంగాణపు పలుకును దుష్టపాత్రలకును విదూషకులకును అంటగట్టి చేసిన అన్యాయమును ఈ ప్రాంతము మరువలేదు, మరువవలసిన పనియు లేదు. కాని ఆ కోపము ఈ ఇరువురిపై ఎన్నడును మళ్ళలేదు.

థియేటరు లేని పల్లెకు వీరిని చేర్చినది ఆకాశవాణి. వివిధభారతిలో 'సంక్షిప్త శబ్దచిత్రము' వచ్చు వేళకు రేడియో చుట్టు మూగినవారు బొమ్మ లేకయే గొంతునుబట్టి నటుని గుర్తించి ముందుగానే నవ్వెడివారు. ఆ చెవుల సంస్కారమే ధ్వన్యనుకరణమునకు ఆదరము కూర్చినది; ఓరుగల్లు నేరెళ్ళ వేణుమాధవ్ (1932–2018) అనుకరణమును పద్మశ్రీ పొందు కళగా నిలిపిన పిదప, పాఠశాలల వార్షికోత్సవములందు పాత నటుల గొంతులు పలికించు కుఱ్ఱవారికి కొదవ లేకపోయినది. 2010లో 'మాయాబజార్' రంగులు దిద్దుకొని మరల థియేటర్లకు రాగా, 2013లో సి.ఎన్.ఎన్.–ఐ.బి.ఎన్. జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో అది సర్వోత్తమ భారతీయ చిత్రముగా ఎన్నికయినది. అభిమానుల ఓటే దానిని గెలిపించినది.

అయినను, నోటిమాటపై నిలిచినది నోటితోనే పోవు ప్రమాదము కలదు. ఇట్టి మరొక హాస్యజంటయైన లారెల్, హార్డీల అభిమానులు 1965లోనే అమెరికాలో 'సన్స్ ఆఫ్ ది డెజర్ట్' అను సంఘమును స్థాపించి, దేశదేశములలో శాఖలు నెలకొల్పి, చిత్రములు ప్రదర్శించుచు, విందులు చేసికొనుచు ఆ జంటను కాపాడుచున్నారు. లారెల్ జన్మించిన ఇంగ్లండులోని అల్వర్‌స్టన్ పట్టణమున ఆ జంటకొక మ్యూజియమే కలదు. మన జంటకు అట్టిది కావలెనన్నచో ఉత్తర తెలంగాణమున సాధనములు లేకపోలేదు. ఉత్తమ చిత్రముల ప్రదర్శనకు దశాబ్దములుగా శ్రమించిన కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ యున్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' బృందము, గంగవ్వ వంటి పల్లెటూరి ముదుసలితో, స్వంత యాసలోనే లోకమును నవ్వించుచున్నది. నవ్వించుట ఎరిగిన నేల ఇది. నవ్వించినవారిని భద్రపరచుటయే మిగిలియున్నది.

కావున పాఠకులకు నా విన్నపము: ఏటేట నవంబరులో ఈ ఇరువురి వర్ధంతులు వచ్చును. ఆ నెలలో ఒక సాయంకాలము మీ గ్రంథాలయములోనో, కళాశాలలోనో, కాలనీ క్లబ్బులోనో 'మిస్సమ్మ' ప్రదర్శింపుడు. డేరాలో ఆ చిత్రము చూచిన వృద్ధులను పిలిచి ముందువరుసలో కూర్చుండబెట్టి, వారు చెప్పు ముచ్చటలను ఫోనులో రికార్డు చేసి దాచుడు.