కావ్యములు చదువు బాలికకు ఖగోళ పాఠము

కళాశాలలో తెలుగో, చరిత్రయో, అర్థశాస్త్రమో ప్రధానముగా చదువుకొను మన బాలికలు ఇతర శాస్త్రములనుండి కూడ కొన్ని పాఠములు నేర్వవలయునను పద్ధతి మన దేశమున నేర్పడినది. 2022వ సంవత్సరమున యూజీసీవారు ప్రకటించిన డిగ్రీ ప్రణాళికలో నిట్టి పాఠములు మూడు కలవు. ఎన్నుకొనదగిన శాస్త్రములలో ఖగోళశాస్త్రమును పేర్కొనిరి. అన్ని కళాశాలలందు నది బోధింపబడదు. బోధించుచోట గూడ ఆ పేరు చూడగానే మన యిండ్లలో నొక ప్రశ్న పుట్టుచున్నది: కావ్యములు చదువు పిల్లకు చుక్కల లెక్క లేల?

ఈ ప్రశ్నలో మూడు భయములు దాగియున్నవి. లెక్కలు రావను భయ మొకటి. మార్కులు తగ్గునను భయము రెండవది. ఉద్యోగమునకు బనికిరాదను భయము మూడవది. ఇవి నవ్వి త్రోసివేయదగినవి కావు గనుక ఒక్కొక్కటిగా విచారింతము.

ముందుగా నొక మాట. ఖగోళ పాఠమనగా జాతకములు వేయుట కాదు. ఆకాశమున కనబడు వస్తువు లెంత దూరమున నున్నవి, ఏమిటితో నైనవి, ఎట్లు కదలుచున్నవి, ఆ సంగతి మన కెట్లు తెలిసినది అని విచారించుట. అమెరికా కళాశాలలలో శాస్త్రము ప్రధానముగా తీసికొనని విద్యార్థులకే ప్రత్యేకముగా నీ పాఠమును చిరకాలమునుండి చెప్పుచున్నారు. అందు గణితము మితముగానే యుండును. నిష్పత్తులు, పెద్ద సంఖ్యల వ్రాతయు తెలిసినచో చాలవఱకు సాగిపోవును. ఓపెన్‌స్టాక్స్ వారు 2016లో నిట్టివారికై యొక ఆంగ్ల పాఠ్యగ్రంథమును వెలువరించిరి. దానిని ఎవరైనను రొక్క మియ్యకయే చదువుకొనవచ్చును.

ఇట్టి పాఠములో తఱచుగా నిచ్చు మొదటి పని చంద్రుని నెలదినములు చూచి వ్రాసికొనుట. భూమి నీడ పడుటచేతనే చంద్రుడు క్షీణించునని యనేకులు తలంతురు. అది నిజము కాదు. భూమి నీడ చంద్రునిపై బడుట చంద్రగ్రహణమునాడే. తక్కిన దినములలో చంద్రగోళమున సగము ఎప్పుడును వెలుగుచునే యుండును. ఆ వెలుగు భాగమున మనవైపు తిరిగినది హెచ్చుట తగ్గుటలే వృద్ధిక్షయములు.

ఇందు మన మెఱుగనిది కొంచెమే. సూర్యచంద్రుల నడుమ నెడము 12 భాగలు పెరిగినచో నొక తిథి. అట్టి తిథులు 30 గడచినచో 360 భాగలు, అనగా నొక చుట్టు పూర్తియగును. దానికి బట్టు కాలము సుమారు ఇరువదితొమ్మిదిన్నర దినములు. పౌర్ణమినాడు ప్రొద్దుగ్రుంకు వేళకు ఉదయించు చంద్రుడు, దినమునకు సగటున 50 నిమిషము లాలస్యముగా వచ్చుచు, బహుళ చవితినాటికి సుమారు మూడుగంటలు వెనుకబడును. సంకటహర చతుర్థినాడు ఉపవాసముండి చంద్రునికై వీధి యరుగుపై వేచియుండు గృహిణి యీ లెక్కను ఆకలితో నేర్చినదే గదా! పంచాంగములో నంకెగా చూచినదానికి కారణము తెలియుటయే ఈ పాఠము.

మే మెఱిగిన యొక బాలిక తెలుగు ప్రధానముగా చదువుచు ఈ పాఠము నెన్నుకొన్నది. మార్కులు తగ్గునని తండ్రిగారును, రాత్రివేళ ఆడుపిల్ల మేడపై కేలయని మామ్మగారును అభ్యంతరము చెప్పిరి. తల్లి మాత్రము, "నేనును వెంట వచ్చెదను, పద" మని వంటపని ముగించుకొని ప్రతిదినము మేడ యెక్కినది. పది దినములు గడచునప్పటికి మామ్మగారు పంచాంగము చేతబట్టి, "నేడు చంద్రోదయ మెప్పుడు వ్రాసికొన్నావే?" యని క్రిందినుండి యడుగసాగిరి. తండ్రిగారి భయము నిజమే యైనది. తెలుగులో వచ్చినన్ని మార్కులు ఆ బాలికకు ఈ పాఠమున రాలేదు. ఆ నష్టమును దాచిపెట్టుట తగదు. కాని యిప్పు డామె యే మాట విన్నను, "అది యెట్లు తెలిసిన?" దని యడుగుచున్నది. ఆ యలవాటునకు మార్కులు లేవు.

ఇక ఉద్యోగము మాట. హెన్రియెట్టా స్వాన్ లీవిట్ అను నామె 1868లో అమెరికాలో జన్మించినది. అనంతరము రాడ్‌క్లిఫ్ కళాశాలగా ప్రసిద్ధికెక్కిన విద్యాలయమున గ్రీకు భాష, లలితకళలు, తత్త్వశాస్త్రము మొదలగునవి చదివి, కొంత గణితమును నేర్చి, నాలుగవ యేటగాని ఖగోళ పాఠము చేపట్టలేదు. 1892లో చదువు ముగించి, హార్వర్డు వేధశాలలో మొదట జీతము లేకయే పనిచేసినది. పిమ్మట నామె కిచ్చినది గంటకు 30 సెంట్లు. వ్యాధిచేత వినికిడియు నశించినది. అయినను గాజుపలకలపై దీసిన ఛాయాచిత్రములలో చుక్కలను పోల్చి చూచి, యొక జాతి చుక్కల వెలుగు పెరుగుచు తరుగుచుండుననియు, ఆ మార్పునకు బట్టు కాల మెంత దీర్ఘమో నిజమైన వెలుగంత యధికమనియు తేల్చినది. ఇది 1912లో ప్రకటితమైనది.

దీని ప్రయోజన మేమి? దీపము నిజముగా నెంత వెలుగునదో తెలిసినచో, ఎంత మసకగా కనబడుచున్నదో చూచి అది యున్న దూరము లెక్కింపవచ్చును. 1923లో హబుల్ అను నాతడు ఆండ్రోమెడా యను కాంతిమేఘములో నట్టి చుక్కను కనిపెట్టి, యది మన పాలపుంతకు వెలుపలనున్న వేఱొక నక్షత్రలోకమని నిర్ణయించెను. దాని దూరము సుమారు 25 లక్షల కాంతి సంవత్సరములని నేటి లెక్క. లీవిట్ అంతకుముందే, 1921లో కన్నుమూసినది. ఆ పాఠ మామెకు ధనము నీయలేదు. లోకమునకు మాత్రమొక కొలబద్ద నిచ్చినది.

మన సీమకును ఈ శాస్త్రముతో సంబంధము కలదు. లీవిట్ పుట్టిన యేడే, ఆగష్టు 18వ తేదీని, ఫ్రాన్సు దేశపు జాన్సెన్ పండితుడు సంపూర్ణ సూర్యగ్రహణము చూచుటకు గుంటూరునకు వచ్చెను. సూర్యునియంచున లేచు జ్వాలల కాంతిని రంగులుగా విడదీసి, యవి మిక్కిలి వేడియైన వాయువులని కనుగొనెను. అట్టి కాంతిలోని యొక పసుపుపచ్చ గీతవలననే హీలియమను మూలపదార్థము మొదట సూర్యునియందు తెలియవచ్చినది. భూమిపై నది దొరకినది 1895లో. గుంటూరు బాలిక తన యూరి పేరు ఈ కథలో నున్నదని యెఱుగక డిగ్రీ ముగించుట న్యాయమా?

శాస్త్రము తెలిసినచో కావ్యరసము చెడునని కొందఱందురు. పెండ్లినాడు చూపిన అరుంధతి సప్తర్షులలో వసిష్ఠుని చెంతనున్న సన్నని చుక్క. దూరదర్శినిలో చూచినచో వసిష్ఠు డొక్కడే రెండు చుక్కలుగా కనబడును. ఇది తెలిసిన బాలిక అరుంధతిని వెదకుట మానదు. ఇంకను శ్రద్ధగా వెదకును.

కావున తల్లులారా! పాఠముల నెన్నుకొను కాగితము ఇంటికి వచ్చినప్పుడు ఖగోళమను మాటను వెంటనే కొట్టివేయకుడు. అమ్మాయికి నిజముగా నిష్ట మున్నదా యని యడుగుడు. ఉన్నచో నొక నోటుపుస్తకము కొనియిచ్చి, చీకటి పడినపిమ్మట మేడపైకి తోడుగా వెళ్లుడు. మీరును తల యెత్తి చూడుడు.