లేసు అల్లికలో లెక్కలు

ఏలూరు తివాచీలో ముళ్ల లెక్క తప్పితే పువ్వు వంకరపోతుంది. కొల్లేటి వలకు కన్ను పెద్దదైతే చేప జారిపోతుంది. ఇంతకంటె సూక్ష్మమైన గణితం, తాడేపల్లిగూడేనికి దిగువన, సముద్రానికి చేరువనున్న నరసాపురం సీమ లేసులో ఇమిడి ఉన్నది. 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ విద్యకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

సాదా కుట్టుతో గుండ్రని బిళ్ల అల్లే ఇల్లాలు మొదటి చుట్టుకు 6 కుట్లు వేసి, ఆపైన చుట్టు చుట్టుకూ ఆరేసి పెంచుతుంది: 6, 12, 18, 24. ఇది అంకశ్రేఢి. వ్యాసార్ధం ఒకటి పెరిగితే పరిధి సుమారు 6.28 పెరుగుతుంది గదా! అందుచేతనే అల్లిక చదునుగా పరచుకొంటుంది. పెంపు తగ్గితే గిన్నెవలె ముడుచుకొంటుంది. ప్రతి చుట్టునూ రెట్టింపు చేస్తే, 6, 12, 24, 48 అని గుణశ్రేఢిలో పెరిగి, అంచు కుచ్చిళ్లు పడుతుంది.

ఆ కుచ్చిళ్లు వ్యర్థం కావు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణితవేత్త ఇట్టి అల్లికతోనే అతిపరావలయ తలాన్ని చేతికందించినది. ఆ తలంపై త్రిభుజ కోణాల మొత్తం 180 డిగ్రీలకు తక్కువ.

నరసాపురం లేసు కార్మికురాండ్రను గూర్చి 1982లో గ్రంథం ప్రకటించిన మారియా మీస్, 'గృహిణి' అనే పేరు వారి శ్రమను ఎట్లు మరుగుపరచినదో చూపినది. ఆ పేరు వారి గణితాన్ని కూడ మరుగుపరచినదని నా తలంపు.

ఉపాధ్యాయ మిత్రులారా! శ్రేఢులు బోధించేనాడు తరగతికి ఒక లేసు బిళ్ల తీసుకొని వెళ్లండి. తనకు లెక్కలు రావని కుమిలే బాలిక, తన తల్లి ప్రతి సాయంత్రం చేస్తున్నది లెక్కలేనని గ్రహిస్తుంది.