చల్లారని కేకుపై వెన్నపూత

మన యిండ్లలో కేకు చేయుట ఒకప్పుడు అరుదు. నేడు ఓవెను లేనివారు సైతము ప్రెషరు కుక్కరు అడుగున ఉప్పు పరచి, విజిలు తీసివేసి, అందులో గిన్నె నిలిపి చక్కని కేకులు కాల్చుచున్నారు. పిండి కొలత కుదిరినది, గ్రుడ్లు నురగ వచ్చునట్లు గిలకొట్టినారు, కేకు పొంగినది. అయినను పని చెడునది తరచుగా కట్టకడపటి అరగంటలోనే. సాయంకాలము 6 గంటలకు పుట్టినరోజు పండుగకు పిల్లలు వత్తురు. కేకు 4-30కు దిగినది. 5-15కు పైన చేయి వేసి చూడగా గోరువెచ్చగా నున్నది. చాలునులే యని వెన్న, పంచదార పొడి కలిపిన ఐసింగు పూయుదురు. కొలది నిమిషములలో పూత నూనెవలె మెరయును, అంచులనుండి జారును; నడుమ వ్రాసిన బిడ్డ పేరు పళ్లెములోనికి దిగును. ఐసింగు కలుపుట తనకు చేతకాలేదని ఆ యిల్లాలు నొచ్చుకొనును. నిజమునకు ఐసింగులో దోషమేమియు లేదు.

వెన్న మంచుగడ్డవలె ఒక నిర్ణీతమైన వేడి వద్ద ఒక్కసారిగా కరగునది కాదు. అందు పలురకముల కొవ్వులు కలసి యుండును. 20 డిగ్రీల ప్రాంతమున అది మెత్తబడును. 30 దాటిన జావగారును. సుమారు 35 డిగ్రీల వద్ద పూర్తిగా ద్రవమగును. మన శరీరపు వేడి 37 డిగ్రీలు గదా! నాలుకపై పెట్టిన వెన్న కరగిపోవుట ఇందుచేతనే. అరచేతి చర్మపు వేడి అంతకన్న కొంచెము తక్కువ. కేకు చేతికి వెచ్చగా తోచినదన్నచో అది చేతికన్న వేడిగా నున్నదని యర్థము. అనగా వెన్న కరగు మెట్టుకు ఈవలికి ఇంకను రాలేదన్నమాట. పాలు తోడుపెట్టునప్పుడు గోరువెచ్చన మనకు చుట్టము. ఐసింగు విషయమున అదే పగ.

ఐసింగును గిలకొట్టునప్పుడు దానిలో గాలి బుడగలు చేరును. గడ్డకట్టియున్న సూక్ష్మమైన కొవ్వు కణములే ఆ బుడగలను పట్టి నిలుపును. కొవ్వు కరగగానే గాలి తప్పించుకొని పోవును. తిరిగి చల్లబరచినను ఆ తేలికదనము దానంతట రాదు; మరల గిలకొట్టవలసినదే. పాలమీగడతో చేసిన క్రీము ఇంకను సుకుమారమైనది. దానికి రిఫ్రిజిరేటరు చలువయే ఆధారము.

ఇక కేకు సంగతి. ఓవెనునుండి దిగునప్పుడు దాని నడుమ వేడి 100 డిగ్రీలకు చేరువలో నుండును. కేకంతయు సన్నని గాలి గదుల కూర్పు; కంబళివలె అది వేడిని తనలోనే దాచుకొనును. పైభాగము చల్లబడినను గర్భమున వేడి నిలిచియుండును. ఆ వేడి ఆవిరితోకూడ మెల్లగా పైకి వచ్చి పూతను అడుగునుండి వదులు చేయును. అంతేగాక వేడి కేకు గుల్లగా, బలహీనముగా నుండుటచే చాకు తగులగానే పొడి రాలి ఐసింగులో కలియును. కావున దిగిన 10 నిమిషములకు గిన్నెనుండి తీసి, క్రిందినుండి కూడ గాలి తగులునట్లు తీగల జాలీపై నుంచవలెను. పళ్లెములో నుంచినచో అడుగు చెమర్చును. 8 అంగుళముల కేకు చల్లారుటకు ఒకటిన్నర, రెండు గంటలు పట్టుట మామూలే. పైభాగమును తాకి నమ్మరాదు; శుభ్రమైన ఇనుప పుల్లను నడుమకు గ్రుచ్చి, కొంచెము సేపు ఉంచి తీసి, మణికట్టున తాకించి చూడవలెను. వెచ్చదనమేమియు తోచరాదు.

అయితే మన వేసవికి ఈ మాటయు చాలదు. ఇంగ్లండున వ్రాసిన పాకశాస్త్ర గ్రంథములలో కేకును గది వేడికి చల్లారనిమ్మని యుండును. ఆ గది 20 డిగ్రీల గది! మే మాసమున విజయవాడలోను, రామగుండములోను పగటి వేడి 40 దాటుట సాధారణము. గదిలో 35 డిగ్రీలున్నచో కేకును మరునాటివరకు ఉంచినను అంతకు దిగదు. పంకా గాలి కూడ దింపలేదు. అట్టి దినములలో కేకు వెచ్చదనము పోయిన పిమ్మట బాగుగా చుట్టి రిఫ్రిజిరేటరులో నుంచుటయే దారి. చుట్టకున్న ఎండిపోవును. వేడివేడిగా పెట్టిన లోపల చెమ్మ పట్టును. బేకరీ పూలు ఎండకు నిలుచుట చూచి కొందరు చిన్నబుచ్చుకొందురు. వానిలో పెక్కింటికి ఆధారము వెన్న కాదు. హెచ్చు వేడికిగాని కరగని వనస్పతి వంటి కొవ్వులు. అట్టి కొవ్వులలో నుండు ట్రాన్స్ ఫ్యాట్ గుండెకు చేటు గనుక, నూనెలలోను కొవ్వులలోను అది నూటికి 2 పాళ్లు మించరాదని మన దేశమున 2022 జనవరినుండి నియమమున్నది. ఇంటి వెన్నపూత కొంచెము సోలినను మాకు అదియే ఇష్టము.

వేడి కేకుపై పోయదగిన పూతలు లేకపోలేదు. నిమ్మరసము, పంచదార కలిపిన పలుచని పాకమును వేడి కేకుపైననే పోయుదురు. అది లోనికి ఇంకవలెననియే కోరిక. వేయించిన గులాబ్‌జామును పాకములో వేయుటవంటిదే. తొందర గలవారికి అదియే తగిన పూత.

వెన్నపూతయే కావలెనన్నచో కేకును ముందటి రాత్రియే కాల్చి, చల్లార్చి, చుట్టి పెట్టుడు. మరునాడు మొదట పలుచని పూత పూసి, రాలిన పొడి అందులో అణగిపోవునట్లు అరగంట చల్లని చోట నుంచి, ఆపై అసలు పూత పూయుడు. తీరప్రాంతములవారు మరియొకటి గమనింపవలెను: రిఫ్రిజిరేటరునుండి తీసిన కేకుపై గాలిలోని తేమ బిందువులుగా చేరి పేరు వ్రాసిన రంగును కరగించును. అచ్చట పేరును అతిథులు వచ్చిన పిమ్మటనే వ్రాయుట మేలు.