గుడ్డ కొన్నవారిది, పేరు ఎవరిది?

బజారులో రొక్కమిచ్చి కొన్న గుడ్డను కత్తిరించి, సంచి కుట్టి అమ్ముకోవడానికి మరొకరి అనుమతి యెందుకు? ఈ ప్రశ్న 1960లో న్యూయార్కులోని ఫెడరల్ న్యాయస్థానం ముందుకు వచ్చింది.

వీరా న్యూమన్ అనే చిత్రకారిణి గీసిన చిత్రాలు అమెరికాలో మెడకు చుట్టుకొనే స్కార్ఫుల మీద, తువ్వాళ్ల మీద అచ్చయ్యేవి. వాటిపై ఆమె సంతకమూ ఉండేది. ఒక సంస్థ ఆ తువ్వాళ్లతోనే చేతిసంచులు కుట్టించి అమ్మసాగింది. వీరా సంస్థ దావా వేసింది.

చిత్రానికి కాపీరైటు ఉన్నమాట నిజమే. కాని తువ్వాలు అమ్ముడుపోయిన పిమ్మట దానిని ఏమి చేసుకోవాలో శాసించే హక్కు ఆమెకు లేదన్నది న్యాయస్థానం. ఆ చిత్రాన్ని వేరే గుడ్డపై అచ్చువేసి ఉంటే సంగతి వేరు. పేరు విషయంలో మాత్రం వాదం వీరా వైపు మొగ్గింది. సంచిపై ఆ సంతకం చూసినవారు అది ఆమె చేయించినదే అనుకుంటారు. కుట్టు ఊడితే అపకీర్తి ఆమెది! కనుక ఆ సంచులతో ఆమెకు సంబంధం లేదని స్పష్టంగా తెలుపవలసి వచ్చింది.

మన 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం, 30వ సెక్షనులో, న్యాయంగా కొన్న సరుకును తిరిగి అమ్ముకోనిస్తుంది. అయితే సరుకు స్థితి మారితే గుర్తు యజమాని అభ్యంతరం చెప్పవచ్చు. కత్తెర పడిన గుడ్డ స్థితి మారినట్లా, కాదా? ఇంట్లో మిషను పెట్టుకొని, బొమ్మల గుడ్డతో పిల్లల గౌనులు కుట్టి నాలుగు రూపాయలు గడించే ఇల్లాలికి ఇది చిన్న సందేహం కాదు. చట్టం ఆమె పక్షానే ఉన్నా, నోటీసు వస్తే ప్లీడరు ఫీజుకు వెరచి మిషను మూసేస్తుంది. గుడ్డ కొన్న రశీదు దాచుకొని, “గుడ్డ ఫలానావారిది, కుట్టు మాది, వారికీ మాకూ సంబంధం లేదు” అన్న చీటీ ప్రతి గౌనుకూ తగిలిస్తే ఆమెకు కొంత రక్షణ.